దుంకుడు బండకు అర్ధగంట

పాస్‌పోర్ట్ ఫోటోలో రెండు చెవులూ కనపడాలి. కోరుట్ల బస్టాండు దగ్గర ఇరవై ఎనిమిదేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్న నాకు మనుషుల పేర్లు గుర్తుండవు గాని చెవులు గుర్తుంటాయి. దుబాయి పోయినవాళ్లవి, పోయి వచ్చినవాళ్లవి, వీసా రాక ఇక్కడే ఉండిపోయినవాళ్లవి, ఎన్ని చెవులు చూశానో. మొన్న ఎండాకాలం ఒక పొద్దున ఎవరి చెవుల మీది జుట్టో వెనక్కి తోస్తుండగా ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. చెవులు చూడగానే ఎవరి బిడ్డో తెలిసిపోయింది.

"కాకా, బాపు ఫోటో ఒకటి కావాలె."

వాళ్ల బాపు ఆటో నడిపేవాడు. పదేళ్లుగా ఆ ఆటో మా స్టూడియో ముందరి వేపచెట్టు నీడలోనే ఆగేది. అంతకు ఆరు రోజుల ముందు రుద్రంగి నుంచి ఖాళీ బండితో తిరిగి వస్తూ, ఛాతీలో నొప్పి వచ్చి, ఆటోను రోడ్డు పక్కకు తీసి ఆపి, సీటు మీద ఒరిగిపోయాడు. పోయేటప్పుడు కూడా బండిని ఎవరికీ అడ్డం పెట్టలేదని స్టాండులో అందరూ చెప్పుకున్నారు. పదకొండో రోజు దినాలు. ఆ రోజు దండ వేసి పెట్టడానికి పెద్ద ఫోటో కావాలి.

"ఇంట్ల ఏమన్న ఉన్నయా బిడ్డా?" అని అడిగాను.

ఇంట్లో ఒకటి ఉందిగాని వాన నీళ్లు కారి మొహం మీద మరక పడింది. గల్ఫ్ పోయేనాటి పాస్‌పోర్ట్ ఫోటో ఉంది, అందులో ఆయనకు ఇరవై తొమ్మిదేళ్లు. ఇక ఫోన్‌లో ఉన్నది ఎవరి పెళ్లిలోనో బంతిలో కూర్చుని తింటున్న ఫోటో. చేతిలో మాంసపు ఎముక, నోరు తెరిచి ఉంది.

"గీ బొక్క తీసేసి చెయ్యొస్తదా కాకా?"

"బొక్క తీసెయ్యొస్తది. తెరిచిన నోరు మూసుడే కష్టం."

ఆ పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. "నీ ముంగటనే ఉండె గదా పదేండ్లు. నీ ఎంబడి షూటింగులకు గూడ అచ్చెటోడు. నీ తాన ఉండయా?"

"ఒకటేంది బిడ్డా, వంద ఉంటయ్. రేపు రా."

'రేపు రా' అన్నది మా వృత్తిలో ఊపిరి తీసుకోవడం లాంటిది. అలవాటుగా అనేశాను. ఆమె వెళ్లాక కంప్యూటర్ తెరిచి, పదేళ్ల ఫోటోలన్నీ ముందేసుకున్నాను. సాయంత్రానికి తేలిందేమిటంటే ఆయన ఫోటో నా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఆయన చెయ్యి ఉంది, పెళ్లికూతురి మొహం మీద వెలుగు పడేలా వెండి గొడుగు పట్టుకుని. ఆయన భుజం మీది తువ్వాల కొస ఉంది. ఆటో వెనక చక్రం ఉంది. ఒక గుడి మెట్ల దగ్గర ఆయన చెప్పులు ఉన్నాయి. మిగతా మనిషినంతా నేనే కత్తిరించేశాను. అడ్డం వచ్చినదాన్ని ఫోటోలోంచి తీసేయడం నా పని, ఆ పని నేను బాగా చేస్తానని జగిత్యాల దాకా పేరు.

ఆయన సంగతి చెప్పాలంటే ముందు నా పరదా సంగతి చెప్పుకోవాలి. స్టూడియో పెట్టిన కొత్తలో హైదరాబాద్ నుంచి ఒక జలపాతం పరదా తెచ్చాను. పైనుంచి నీళ్లు, పక్కన రాళ్లు, కింద రెండు బాతులు. గల్ఫ్ పోయేవాళ్లు ముందురోజు పెళ్లాం పిల్లలతో వచ్చి దాని ముందు నిలబడేవాళ్లు. ఆ ఫోటో ఒకటి ఇంట్లో గోడకు, ఒకటి పెట్టెలో అడుగున. పోయాక కూడా నాకు పని ఉండేది. అక్కడినుంచి మొగుడు పంపిన ఫోటోను ఇక్కడ ఉన్న భార్య పక్కన అతికించి, వెనక జలపాతం పెట్టేవాణ్ని. ఎన్ని సంసారాలను అలా కలిపానో. చెయ్యి భుజం మీద వేయించడంలో నా అంతవాడు లేడని నా నమ్మకం.

ఆయన మొదటిసారి వచ్చింది ఆ పరదా ముందుకే. అప్పటికి తాడిచెట్లు ఎక్కేవాడు, మస్కట్ పోవడానికి కాయితాలు వచ్చాయి. భార్య, ఆమె చంకలో ఏడాది నిండని బిడ్డ. ఫోటోకు నిలబడకుండా పరదా దగ్గరికి వెళ్లి, చేత్తో తడిమి చూశాడు.

"గీ నీళ్లు ఏడియి సారూ?"

"కశ్మీర్" అన్నాను. అప్పటికి నేను వేములవాడ దాటి పోయింది రెండుసార్లు.

"బండకు నాచు లేదు. నీళ్లు దుంకే కాడ నాచు వడ్తది."

"కశ్మీర్‌ల చలికి నాచు పట్టదు అన్నా. జర నిలవడు."

ఆయన నా మొహంలోకి చూసి, సరేనన్నట్టు తల ఊపాడు. తర్వాత అసలు మాట అన్నాడు. "మా తొవ్వల ఒకటున్నది సారూ, రుద్రంగి దిక్కు. దుంకుడు బండ అంటరు. వానకాలం తాడిచెట్టు మీదికెల్లి చూస్తే గుట్టకు సున్నం గీత గీసినట్టు కానస్తది. గిప్పుడు మంచిగ దుంకుతున్నది. కెమెరా పట్టుకొని రారాదు? అర్ధగంట."

ఆయన భార్య తల దించుకుని నవ్వింది. ఎందుకు నవ్విందో అప్పుడు నేను పట్టించుకోలేదు. "గుట్టలపొంటి తిరిగెటట్టయితే గీ పరదా ఎందుకు కొన్న అన్నా?" అని నా తెలివికి నేనే మురిసిపోతూ, ముగ్గుర్నీ బాతుల ముందు నిలబెట్టాను. ఆయన గడ్డం పైకెత్తి, రెండు చెవులూ కనపడేలా నిలబడ్డాడు. ఇది పాస్‌పోర్ట్ ఫోటో కాదని చెప్పినా కదల్లేదు.

పదకొండేళ్ల తర్వాత తిరిగొచ్చి ఆటో కొన్నాడు. స్టూడియో ముందు ఆపుకుని, గిరాకీ లేనప్పుడు లోపలికి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. మస్కట్‌లో ఏం పని చేశావని ఒకసారి అడిగాను.

"జలపాతం నడిపిన" అన్నాడు.

పరాచికం అనుకున్నాను. నిజమే. ఒక పార్కులో సిమెంటు రాళ్లతో కట్టిన జలపాతం ఉంటే దాని మోటరు ఈయన చేతిలో ఉండేదట. "నాలుగు కాంగ బొత్తాం ఒత్తెటోన్ని, దుంకెటియి. తొమ్మిది కాంగ మల్ల ఒత్తెటోన్ని, ఆగిపోయెటియి. గా నీళ్లు చూసెతందుకు మూడు గంటలు కార్లల్ల అచ్చెటోళ్లు సారూ. మన కాడ దేవుడే ఒత్తుతడు బొత్తాం. చూసెటోడే లేడు." చెబుతూ కుడిచేతి బొటనవేలితో గాలిలో బొత్తాం ఒత్తాడు. అప్పటినుంచి నీళ్ల మాట ఎప్పుడొచ్చినా ఆ వేలు లేచేది. మబ్బు పట్టినా ఒత్తేవాడు, కరెంటు పోయినా ఒత్తేవాడు. ఒక్కోసారి నిజంగానే చినుకులు పడేవి, అప్పుడు నా వైపు గర్వంగా చూసేవాడు.

ఇంతలో పెళ్లికి ముందే జంటను కొండలకూ కోనలకూ తీసుకుపోయి ఫోటోలు తీసే కాలం వచ్చింది. పరదా ముందు నిలబడేవాడు లేడు. సిరిసిల్ల పిల్ల అయినా, జగిత్యాల పిల్లవాడయినా, అందరికీ జలపాతమే కావాలి. నేను ఫోన్ తీసి, దగ్గరలో జలపాతాలు ఏమున్నాయని వెతికాను. అది జగిత్యాల రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలు చూపించింది. స్కూటర్ వేసుకుని పోయి చూస్తే గేటు పక్కన సిమెంటు రాళ్ల జలపాతం ఉంది, మోటరు కాలిపోయింది. నన్ను చూసి జాలిపడి వాచ్‌మన్ అన్నాడు, "కావాలంటే నేను మీదికెల్లి బకెట్‌తోని పోస్త సార్." ఈ ముచ్చట ఎవరికీ చెప్పలేదు. అయినా నేను తిరిగొచ్చేసరికి ఆటో స్టాండులో అందరికీ తెలుసు. ఆయన మాత్రం కుర్చీలో కూర్చుని వేలుతో గాలిలో రెండుమూడు సార్లు ఒత్తాడు.

తర్వాత సిరిసిల్ల జంటనొకదాన్ని ఆదిలాబాద్ దిక్కు నాలుగు గంటల దూరం తీసుకుపోయాను. గొడుగు పట్టడానికి ఆయన కూడా వచ్చాడు. అక్కడ నీళ్లు ఉన్నాయి, నీళ్లకంటే ఎక్కువ జనం ఉన్నారు. పెళ్లికూతురి పూలదండ కోతి ఎత్తుకుపోయింది. నేను కోతి వెనక పరుగెత్తాను, అది దండ తినేసి పూలదారం నా మీద పడేసింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. నిర్మల్ దాటాక ఆయనే అన్నాడు.

"దుంకుడు బండకు అర్ధగంటనే సారూ. నిన్ను ఒప్పిచ్చుడే పదేండ్లు వట్టెటట్టున్నది."

నేను ఒప్పుకోకపోవడానికి కారణం చెబితే నవ్విపోతారు. అది దగ్గర ఉండడమే దాని తప్పు. అర్ధగంటలో పోయే చోటు చూడదగ్గదైతే ఇన్నేళ్లలో నాకు తెలియకుండా ఎలా ఉంటుందని నా ధీమా. పైగా పేరులో 'బండ' ఉంది, చెప్పేవాడు ఆటో నడుపుతాడు. చదువుకున్నవాణ్ని, నాకు ఫోన్ ఉంది గదా.

మూడేళ్ల కింద గతిలేక ఒప్పుకున్నాను. జగిత్యాల పిల్లవాడు దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు, నాలుగు రోజుల్లో పెళ్లి. ఆదిలాబాద్ దారిలో వాగు పొంగి బస్సులు ఆగాయి. జంట ముస్తాబై వచ్చి స్టూడియోలో కూర్చున్నారు. నేను మెల్లగా ఆటో దగ్గరికి నడిచాను.

"అన్నా, నువ్వేదో చెప్తవు గదా... బండ..."

"ఏ బండ సారూ?" అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా.

"దుంకుడు బండ."

ఆ మాట నా నోట అనిపించుకున్నాకే ఆటో స్టార్ట్ చేశాడు. ఇరవై ఏడు నిమిషాల్లో రోడ్డు పక్కన ఆపాడు. అద్దంలోంచి నన్ను చూశాడు, నేను మక్కచేను వైపు చూశాను. చేను గట్టు మీదుగా నడక. ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని ముందు నడిచాడు, నేను కొత్త తెల్ల బూట్లతో జారుతూ వెనక. మలుపు తిరిగితే గుట్ట. జొన్నరొట్టెలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి పెద్ద పెద్ద బండలు, అన్నిటికన్నా పైన పడిపోతానని బెదిరిస్తూ ఎన్ని వందల ఏళ్లుగానో పడకుండా నిలబడ్డ ఒక గుండు. దాని పక్కనుంచి రెండు తాడిచెట్ల ఎత్తునుంచి నీళ్లు దుంకుతున్నాయి. బండ నిండా నాచు. నేను కెమెరా మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాను.

"ఫర్వాలేదు" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు.

జంట బట్టలు సర్దుకునేలోపు వెలుతురు సరిచూసుకోవాలి. దానికి ఎవరో ఒకరు వాళ్లు నిలబడే చోట నిలబడాలి. ఆయన్నే నిలబెట్టి నాలుగైదు తీశాను. అవి తీసేసే ఫోటోలు, ఎవరూ దాచుకోరు. ఆ తర్వాత రెండు గంటలు ఆయన గొడుగు పట్టాడు, నేను ఫోటోలు తీశాను. చివర్లో వెనక్కి అడుగేస్తూ నాచు మీద జారి నడుము దాకా నీళ్లలో పడ్డాను. కెమెరా మాత్రం పైకెత్తి పట్టుకున్నాను. ఆయన వచ్చి ముందు కెమెరా అందుకుని, దాన్ని పొడిగుడ్డలో చుట్టి పెట్టి, ఆ తర్వాత నాకు చెయ్యిచ్చాడు.

జంట ఆటో వైపు నడిచారు. ఆయన ఆగి, నా వైపు తిరిగాడు. "సారూ, నన్ను గూడ ఒక ఫోటో గుంజుతవా ఈడ? ఇంట్ల చూపిస్త."

"బ్యాటరీ అయిపోయింది అన్నా. వచ్చే వానకాలం వదినెను గూడ తీసుకొనిరా, ఇద్దర్ని మంచిగ తీస్త."

బ్యాటరీ అయిపోలేదు. ఒక గీత ఉంది. నేను తడిసి ఉన్నాను, తెల్ల బూట్లు నల్లబడ్డాయి, చిరాకుగా ఉంది, అంతే. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది.

అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను. ఆ ఫోటోల్లో ఒకదాన్ని పెద్దది చేసి స్టూడియో గోడకు పెట్టాను. వచ్చినవాళ్లంతా ఇది ఎక్కడ సార్ అని అడిగేవాళ్లు. మొదటిసారి అడిగినప్పుడు నా నోట్లోంచి 'కేరళ' అని వచ్చింది. అర్ధగంట దూరమని చెబితే నన్నెవరు పిలుస్తారు, వాళ్లే ఫోన్‌తో తీసుకుంటారు గదా. తర్వాత కింద 'కేరళ' అని చీటీ కూడా అంటించాను. కుర్చీలో కూర్చున్న ఆయన అది చదివి, "కేరళకు ఆటోల పోయినమా సారూ?" అని మాత్రం అన్నాడు. నా పరువు తీయడం ఆయనకు ఒక్క మాట పని. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

తర్వాత వానకాలం సరిగ్గా పడలేదు. ఆ మరుసటి ఏడు బాగా పడింది గాని నాకు తీరిక లేదు. దుంకుడు బండకు రమ్మని ఏళ్లతరబడి అడిగిన మనిషి, తన ఫోటో సంగతి మాత్రం రెండోసారి అడగలేదు.

ఆయన బిడ్డ మర్నాడు వచ్చింది, రేపు రమ్మన్నాను. మళ్లీ వచ్చింది. "రేపంటే దినాలకు ఒక్కరోజే ఉంటది కాకా" అంది. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. నేను లేదని చెప్పలేక, అల్మారాలన్నీ గుమ్మరించాను. ఆఖరికి పాత కెమెరా సంచి పక్క జేబులో, దగ్గు బిళ్లల మధ్య ఒక మెమరీ కార్డు దొరికింది. పనికిరానివి తీసేయాలన్న బుద్ధి నాకు ఉంది గాని ఓపిక లేదు. ఆ బద్ధకమే ఆ రోజు నన్ను కాపాడింది.

మొదటిది మసక. రెండోది చీకటి. మూడోదాంట్లో కళ్లు మూసుకున్నాడు. నాలుగోదాంట్లో ఉన్నాడు. వెనక బండలు, నీళ్లు, నాచు. గడ్డం పైకెత్తి, రెండు చెవులూ కనపడేలా పాస్‌పోర్ట్ ఫోటోకు నిలబడ్డట్టే నిలబడ్డాడు. మొహంలో నవ్వు రాబోతోంది. కుడిచెయ్యి కొంచెం లేచి ఉంది, బొటనవేలు గాలిలో బొత్తాం ఒత్తుతోంది. స్టూడియో తలుపు దగ్గరికి వేసుకుని ఏడ్చాను. తర్వాత కళ్లు తుడుచుకుని పనిలో కూర్చున్నాను. అలవాటుగా వెనక బొమ్మ మార్చబోయి ఆగాను. మార్చడానికి ఏమీ లేదు. అందరి వెనకా అతికిస్తూ వచ్చిన జలపాతం ఆయన వెనక నిజంగానే ఉంది.

దినాల నాడు ఫోటో పెట్టి దండ వేశారు. కోరుట్ల ఆటోవాళ్లు, సిరిసిల్ల నుంచి వచ్చిన చుట్టాలు చుట్టూ చేరారు.

"బ్యాక్‌గ్రౌండ్ మంచిగ ఏసిండు సారు."

"గది కేరళ. సారు కాడ గోడకున్నది, నేను చూసిన."

"కేరళ కాదు" అన్నాను. "ఈడిదే. రుద్రంగి దిక్కు, దుంకుడు బండ. పోయేదానికి అర్ధగంట."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఆయన పోయిన దుఃఖంల సారుకేం మాట్లాడుతున్నడో తెలుస్తలేదు" అని ఒకడు మెల్లగా అన్నాడు. నేను మళ్లీ చెప్పాను, ఎవరూ నమ్మలేదు. అన్నేళ్లు ఆయనకు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

బిడ్డ చెయ్యి పట్టుకుని ఆయన భార్య వచ్చింది. అప్పటిదాకా ఫోటో వైపు చూడలేదట. దగ్గరగా నిలబడి చూసింది. ముందు ఆయన్ని చూసింది, తర్వాత ఆయన వెనక చూసింది.

"గిది దుంకుడు బండ" అంది.

అందరూ తిరిగి చూశారు. ఆమె నాతోనే చెప్పింది. "పెండ్లైన కొత్తల మా తల్లిగారింటికెల్లి నడుచుకుంట అస్తుంటే గీడ కూసున్నం సారూ. కాళ్లు నీళ్లల్ల వెట్టినం. మనిద్దరం ఈడ ఫోటో దిగాలె అన్నడు. గప్పుడు ఫోటో తీసెటోడు ఏడుండె."

పరదా ముందు ఆమె తల దించుకుని ఎందుకు నవ్విందో నాకప్పుడు అర్థమైంది. గల్ఫ్ పోయే ముందురోజు, కెమెరా పట్టుకుని రారాదు అని ఆయన అడిగింది ఎందుకో కూడా. నేను వాళ్లను బాతుల ముందు నిలబెట్టాను.

ఆమె ఫోటోలో ఆయన పక్కన ఖాళీగా ఉన్న బండ మీద వేలు పెట్టింది. "నన్ను గూడ ఈడ వెట్టొస్తదా సారూ?"

వస్తుంది. పది నిమిషాల పని. దుబాయిలో ఉన్నవాళ్లనూ కోరుట్లలో ఉన్నవాళ్లనూ ఎందర్ని అతికించలేదు నేను. కాని ఈసారి ఆ పని చెయ్యబుద్ధి కాలేదు.

"అతికియ్యుడు వద్దు వదినె. వానలు వడ్డంక పోదాం. నువ్వు గాడనే నిలవడు, నేను తీస్త. అన్న నిలవడ్డ జాగ నేను చూపిస్త. దూరం గూడ కాదు, అర్ధగంటనే."

ఆమె నన్ను చూసింది. కోపం లేదు. "ఎరుకే సారూ" అంది. "నీకే ఎరుక లేకుండె."

నేను ఫోటో వైపు తిరిగాను. దండ ఎడమ చెవి మీదికి జారి ఉంది. రెండు చెవులూ కనపడేలా దాన్ని పక్కకు జరిపాను.